ఆకుల అచ్చున్న బొగ్గు

ఆ రోజుల్లో, అంటే బస్తరు ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్నప్పుడు, నా విశ్వాసం ఎంత గట్టిదో నా తెలివీ అంతే గట్టిదని నా నమ్మకం. (మొదటిది ఇప్పటికీ గట్టిగానే ఉంది, దేవునికి స్తోత్రం.) నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పామేడు అడవుల్లో బొగ్గు వెతకడానికి వచ్చిన సర్వే దొరకు ఊళ్లవాళ్ల దోర్లీ మాటలు హిందీలోకి మార్చి చెప్పే దుబాసీ పని నాది. మా మేనమామ సంఘపెద్ద. ఆయన కూతురంటే నాకు ఇష్టమన్న సంగతి ఆయనకు తప్ప సంఘమంతటికీ తెలుసు (అని నేననుకునేవాణ్ణి).

ఒక ఆదివారం ప్రార్థన పాకలో లేచి సాక్ష్యం చెప్పాను. జలప్రళయం చెట్లను పెకలించి బురదలో పాతేసింది, అదే బొగ్గయింది, కాబట్టి ఏ రాతిలో ఆకులు ఎక్కువ కనబడితే అదే మేలైన బొగ్గు, అలాంటిది వాగు గట్టున దేవుడు నాకు చూపించాడు అని. బయటికి రాగానే మామ పట్టుకున్నాడు.

"ఏందిరా, నిజంగ బొగ్గేనా?"

"బొగ్గే మామా." జేబులోంచి నల్లరాయి ముక్క తీశాను. "చూడు, ఆకు ఈనెలు కూడ కనబడుతున్నయి."

"అయితే కోతల పండుగకు సంఘం అన్నం దానిమీదనే వండు. ఉడికితే పిల్లనిస్త. ఉడకకుంటే ఇంకో ఏడు ఆగాలె."

పండుగనాడు మూడు గంపల నల్లరాయి పొయ్యిలో పోశాను. కింద పెట్టిన కట్టెలు కాలిపోయాయి గాని రాయి అంటుకోలేదు. కాస్త పొగ, కంపు వచ్చి, రెండు రాళ్లు ఫట్టుమని పేలాయి. నేను కళ్లు మూసుకుని ప్రార్థించాను, తెరిచి ఊదాను, మళ్లీ మూసుకున్నాను. వంటకు కూర్చున్న పెద్దమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఓరి దుబాసీ, రాయి ఉడుకుతాంది గాని బియ్యం ఉడుకుతలేవు!" అంది.

భోజనానికి పిలిచిన దొర అప్పుడే వచ్చి, ఒక రాయి ఎత్తి చూసి నవ్వాడు. ఆయన హిందీలో చెబుతుంటే, తెలుగు మాట్లాడే మా సంఘానికి నా ఓటమిని నేనే తెలుగు చేయాల్సి వచ్చింది. "ఆకు ఇంత చక్కగా కనబడిందంటే ఇక్కడ ఒకప్పుడు ఏరు పారిందన్నమాట. ఏరు ఆకుతో పాటు మట్టినీ తెచ్చి పోసింది. ఇందులో ఎక్కువ మట్టే, ఇంకేం మండుతుంది? మంచి బొగ్గుకు కదలని మడుగు కావాలి. చెట్టు పెరిగిన చోటే పడాలి, దానిమీద ఇంకోటి పడాలి, పైనుంచి మట్టి రాకూడదు. అట్లా ఎన్నో యుగాలు అణిగితే ఆకేదో కొమ్మేదో గుర్తే దొరకదు."

"విన్నవా?" అన్నాడు మామ. "కదలకుండ ఉండాల్నట. ఇంకో ఏడు."

అన్నం చివరికి కట్టెలమీదే ఉడికింది. వడ్డిస్తూ ఆయన కూతురు నా ముఖం చూసి, "బావా, మసి మాత్రం మంచిగ వచ్చింది" అంది నెమ్మదిగా. ఆ ఒక్క మాట మీద ఏడాది బతికాను.

ఆ ఏడాదిలో దేవుణ్ణి తొందరపెట్టలేదంటే అబద్ధమవుతుంది. జలప్రళయాన్ని ఇప్పటికీ నమ్ముతాను. కాకపోతే ఆయన పనులన్నీ వరదతోనే జరగవనీ, కొన్నింటికి కదలని నీళ్లు కావాలనీ అప్పుడు తెలిసింది.

ఆ రాళ్లలో ఒకటి మా ఊరగాయ జాడీ మీద బరువుగా ఇప్పటికీ ఉంది. ఏటా మామిడికాయ పచ్చడి పెట్టేటప్పుడు మా ఆవిడ దాన్ని తుడుస్తూ, "బావా, ఒక్కసారి పొయ్యిలో వేసి చూద్దామా? ఇన్నేళ్లకన్నా మండుతుందేమో" అంటుంది.

"ఇంకో ఏడు ఆగుదాం" అంటాను.