మిషను ఆపడం నామోషీ

కుందుర్పి దగ్గర మా మెట్టలో వరుసగా రెండేళ్లు వేరుశనగ ఎండిపోయాక, కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో చేరాను. ట్రాక్టరు విప్పి బిగించినవాణ్ణి, నాకొకరు మిషను గురించి చెప్పేదేమిటన్నది నా ధీమా. మొదటిరోజు జాగ్రత్తల క్లాసు పెట్టారు. చెప్పినాయన హిందీలో చెప్పాడు. పక్కవాళ్లు తలూపారు, నేను వాళ్లకంటే గట్టిగా ఊపాను. నాకు అర్థమైంది ఒక్కటే: బెల్టు పక్కన ఎర్ర బటనుంది, నొక్కితే లైనంతా ఆగిపోతుంది.

మా వైపు కాయలు రాల్చే మిషనులో శనక్కట్టె ఇరుక్కుంటే ఎవరూ ఆపరు. అద్దె ట్రాక్టరు ఆ మిషనును తిప్పుతుండగానే చేత్తో లాగేస్తాం. ఆపమన్నవాణ్ణి కళ్లంలో అందరూ 'మెత్తనోడు' అని ఏడిపిస్తారు. ఆ బిరుదు రాకుండా ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చిన ఘనుణ్ణి నేను.

చేరిన వారంలోనే బెల్టును తిప్పే రోలరు దగ్గర ఒక ఇనుపముక్క అడ్డం పడింది. పని నచ్చితేనే ఉంచుకుంటామని ముందే చెప్పి ఉన్నారు. కొత్తవాడు లైను ఆపాడంటే ఇంకేముంది, మూట సర్దుకోవడమే అనుకున్నాను. చెయ్యి పెట్టాను. స్టోర్లో ఇచ్చిన గ్లౌజు నా చేతికి వదులు. దాని కొసను రోలరు పట్టుకుంది, దాంతోపాటు నా చూపుడువేలూ లోపలికి పోయింది. అరవడానికి కూడా సిగ్గుపడ్డాను, చూడండి నా తెలివి! ఎదురుగా పనిచేసే, కంబదూరు నుంచి వచ్చిన అక్క చూసి ఎర్ర బటను నొక్కింది.

"ఏమప్పా, నోరు యాడ పెట్టుకున్నావు? పిలిస్తే నీ సొమ్మేం పోతాది?" అని తిడుతూనే నా చెయ్యి బయటికి తీసింది.

ఆసుపత్రిలో డాక్టరు వేలు కుట్టాడు. రంగు తిరిగితే ఉంటుంది, నల్లబడితే తీసేయాల్సిందే అన్నాడు. నాయన వచ్చి కట్టు చూశాడు.

"ఉద్యోగం ఉండాదా, పోయిందా?"

"తెలీదు నాయనా."

"మిషనుకేమన్నా అయిందా?"

"ఏం కాలేదు."

"అయితే చెడింది నువ్వొక్కడివే" అన్నాడు.

అన్నాడే గానీ సాయంత్రం దాకా మంచం పక్కనుంచి కదల్లేదు. కట్టులోంచి కనిపించే గోరును, వాడిన పైరును చూసినట్టు వంగి వంగి చూశాడు. నాకు భయం వేసింది. వేలు పోతే ఈ పనీ లేదు, ఆ సేద్యమూ లేదు.

వేలు దక్కింది, వంగదంతే. ఉద్యోగమూ దక్కింది. తిరిగి చేరిన పూటే బెల్టులో మళ్లీ ఒక ముక్క ఇరుక్కుంది. దేవుడికి నేనంటే అంత ముద్దు. ఈసారి ఎర్ర బటను నొక్కాను. లైనంతా నిలిచిపోయింది. ఇక తిట్లే అని తల వంచుకున్నాను.

సూపర్‌వైజరు వచ్చాడు. కొక్కెంతో ముక్కను లాగి పక్కన పడేశాడు. బెల్టు నడిపించి, ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు. నా మొహం కూడా చూడలేదు.

"అంతేనా అక్కా?" అన్నాను.

అక్క సీసా ఎత్తి నీళ్లు తాగి, "అంతేప్పా. ఇంకేముంటాది?" అంది.

వేలు నలిగిన రోజు కూడా ఏడవనివాణ్ణి, నడుస్తున్న బెల్టు ముందు నిలబడి ఏడ్చేశాను.