కిటికీకి తగిలించిన నా అక్షరాలు

కోపం చల్లారకముందే ఇది మన మట్టెవాడ రీడింగ్ రూమ్ గోడపత్రికకు అంటిస్తున్నాను.

ఈ రోజు డిగ్రీ దరఖాస్తులకు ఆఖరి రోజు. సరదాకు షాపుల బోర్డులు రాస్తుంటాను కాబట్టి, నాతో ఇంటర్ చదివిన దోస్తులు నలుగురూ తమ ఫారాలు నన్నే నింపమన్నారు. కాలేజీ అరుగు మీద కూర్చుని అందరివీ నింపాను. నా ఫారంలో మాత్రం కోర్సు దగ్గర ఖాళీ వదిలాను. నాన్న బీఎస్సీ అంటున్నారు, నాకేమో బీఏ చదువుతూ బోర్డులు రాసుకోవాలని ఉంది. తేల్చుకోలేక అలాగే లైన్లో దోస్తుల వెనక నిలబడ్డాను.

నా వంతు రాగానే గుమాస్తా ఫారం వెనక్కి తోశాడు.

"కోర్సు రాయలేదు. టైమైపోయింది, బంద్."

"జర ఆగుండ్రి సార్, ఇప్పుడే రాస్త!"

కిటికీ మూసేశాడు. నిమిషంలో మళ్లీ తెరిచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీ దోస్తులవి గూడ నువ్వే రాసినవా? అచ్చు గుద్దినట్టున్నయ్. ఈ అట్ట మీద 'గడువు ముగిసింది' అని జర పెద్దగ రాసియ్యి బిడ్డా."

రాసిచ్చాను. అలవాటు కొద్దీ అక్షరాలకు నీడ కూడా దిద్దాను. దోస్తులు అప్పటికే మిర్చిబజ్జీలకు వెళ్లిపోయారు.

రేపు అటు వెళ్లేవాళ్లు కిటికీకి తగిలించిన ఆ అట్ట చూసి, అక్షరాలెలా ఉన్నాయో ఇక్కడ కింద రాయండి. 'డు' కొమ్ము కాస్త వంకర పోయిందని నా అనుమానం.