ఆఖరి ఆకు లేని వైద్యగ్రంథం

నేను స్వచ్ఛంద విరమణ తీసుకోవడానికి రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, రాజోలు పక్క పల్లెలోని ఒక ముస్లిం కుటుంబపు గ్రంథాలయానికి జాబితా తయారుచేయమని నన్ను వేశారు. అప్పుడు రాతప్రతుల శాఖలో సీనియర్ కేటలాగర్ని. ఫార్సీ రాని నన్నెందుకు పంపుతున్నారని మా అధికారితో వాదించాను. ఫార్సీ వచ్చినాయన రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీగానే ఉందన్నారు. అయితే కుర్చీనే పంపండి అన్నాను. చివరికి వెళ్లింది నేనే.

ఆ గ్రంథాలయం పెట్టినాయన హకీము. యునానీ వైద్యపుస్తకాలు ఊరూరా అరువు తెచ్చి, ఇంట్లోనే నకళ్లు రాయించి, అడిగినవాళ్లందరికీ వరండాలో కూర్చోబెట్టి చూపించేవారట. కొడుకు అరలు కట్టించారు. ఇప్పుడు తాళంచెవి మనవరాలు ఖతీజా బీబీ గారి దగ్గరుంది. డెబ్బై దాటిన మనిషి, ఫార్సీ గడగడా చదువుతారు. నేర్పింది వాళ్లమ్మగారు.

మొదటిరోజే తప్పు చేశాను. ఆకులకు పెన్సిలుతో అంకెలు వేయడం మా మొదటి పని. కుడి నుంచి చదువుతారని తెలియక కాదు. ఏళ్ల తరబడి తెలుగు ప్రతులకు అలవాటుపడిన చెయ్యి, అట్టలూడిన ఒక వైద్యగ్రంథాన్ని ఎడమ నుంచే మొదలుపెట్టింది. పైగా శీర్షిక కనబడక, ‘మొదటి ఆకు లేదు’ అని రాసుకున్నాను.

“మేడమ్ గారండీ, పుస్తకాన్ని తోక పట్టుకుని లేపుతున్నారేంటండీ?” అన్నారు బీబీ గారు. “మొదలు భేషుగ్గా ఉందండి. పోయింది ఆఖరిది. మా అమ్మ పేరుంది దాన్లోనేనండి.”

నకలు రాసినవారు చివరి ఆకులో తమ పేరు రాసుకోవడం ఆనవాయితీ. ఊరంతా ఆ రాత హకీముగారిదే అంటుంది. రాసింది ఆయన కోడలు, బీబీ గారి అమ్మ. తుపానుకి తడిసిన ఆకులను మంచాలమీద ఆరబెట్టినప్పుడు ఆ ఒక్కటీ కనబడకుండా పోయింది.

అంకెలు చెరిపి మళ్లీ వేశాం. ఈ ప్రతుల్లో పుటసంఖ్యలుండవు. తరవాతి ఆకు మొదటి మాటను ఈ ఆకు అడుగున చిన్నగా రాస్తారు. ఆవిడ మాట చదివేవారు, నేను ఆకు అందుకునేదాన్ని. చివర మిగిలిన ఆకు అడుగున ‘షిఫా’ అని ఉంది, అంటే స్వస్థత. ఆ మాటతో మొదలయ్యే ఆకు వేరే పుస్తకాల్లో కలిసిందేమోనని నాలుగురోజులు అన్నీ విప్పాం. రెండుసార్లు దొరికిందనుకుని ఆవిడ కళ్లద్దాలు తుడుచుకున్నారు. రెండుసార్లూ చేతిరాత ఇంకొకరిది.

జాబితాలో ‘లేఖరి’ అనే గడి ఉంటుంది. ఆధారం లేదు కాబట్టి ‘తెలియదు’ అని రాయమని ఫోన్లో అధికారి. తెలియనిది మనకి, వాళ్లింట్లో తెలుసు అని నేను. అరగంట వాదన తరవాత గడిలో ‘తెలియదు’ ఉండిపోయింది; వివరణలో ‘కుటుంబీకుల కథనం ప్రకారం ఇంటి కోడలు జైనబ్ బీబీ’ అని చేరింది. చదివి వినిపించాను.

“ఆయ్, బానే ఉందండి,” అన్నారు బీబీ గారు. “మీరు ఊరూరా పుస్తకాలు విప్పుతారు కదండీ. ఎక్కడన్నా షిఫా అని...” అని ఆపేశారు.

కనబడితే నేనే పట్టుకొస్తానన్నాను. కనబడలేదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఏ ఇంటికెళ్లినా ‘తెలియదు’ అని రాసే ముందు ఆ ఇంటి ఆడవాళ్లను కూడా అడిగాను. మా శాఖ నియమావళిలో ఆ ప్రశ్న లేదు. ఉండాలి.