మోచేతి దాకా గాజులు

ఆమె చెయ్యి చాపినా రక్తం తీసుకోలేదు. ఆ రక్తం అందక ఒక బాలింత చనిపోయింది.

ఆమె హిజ్రా. మా నేతగాళ్ల వాడలో ఏ ఇంట బిడ్డ పుట్టినా దీవించడానికి వచ్చేది. పసిదాన్ని ఎత్తుకునే ముందు, ఒళ్లు గీసుకుపోకుండా, గాజులు మోచేతి దాకా ఎగదోసుకునేది.

మా పక్కింటి కోడలికి కాన్పులో రక్తం ఆగలేదు. సులువుగా దొరకని గ్రూపు. ఈ హిజ్రాదీ అదే. దవాఖాన బ్లడ్ బ్యాంకులో కూడా గాజులు అలాగే ఎగదోసి చెయ్యి చాపింది.

"నాది గదే గ్రూపు సారూ. పరీక్ష చేస్కోండ్రి, ఖరాబుంటే పారబోయుండ్రి."

"మీ అసోంటోళ్లది తీస్కోవద్దని రూలున్నదక్కా," అన్నాడు అక్కడి ఉద్యోగి.

"మొన్న ఈ గది తెరిచిననాడు దిష్టి తియ్యమని నన్నే పిల్సిండ్రు గద బిడ్డా! గప్పుడు లేదా రూలు?"

అతడు నవ్వాడు. వేరే దాత దొరికేసరికి పసిపిల్లకు తల్లి లేదు. ఆమె గాజులు దించుకోవడం కూడా మరిచి మెట్ల మీద కూర్చుంది. తర్వాత మా వాడకు మళ్లీ రాలేదు.

నేను ఊరుకోలేదు. ఆమె అడిగిన ప్రశ్ననే రాసి పై అధికారులకు నాలుగు ఉత్తరాలు పంపాను. నాలుగోదానికి జవాబు వచ్చింది:

"దిష్టి తీయుటకు నిబంధనలు ఏవియు లేవు. రక్తదానమునకు సదరు వర్గము వారు శాశ్వతముగా అనర్హులు."