స్కూటర్ ఆగిపోయిందనుకున్నారు

మా బారిడీహ్ కాలనీలో ఎవరి బండి ఆగినా జనం చూస్తూ ఊరుకోరు. ఆ మంచితనమే నా ప్రాణం మీదికి తెచ్చింది.

మా అమ్మాయి గ్రేస్, ఒక పెద్ద హాల్లో జరిగే ఫిట్‌నెస్ పోటీకి తయారవుతోంది. పరుగు మధ్యలో బరువులు మోయాలి, చక్రాల్లేని ఇనుప బండి తోయాలి. కిందటిసారి ఆ బండి దగ్గరే ఓడిపోయింది. అందుకని రోజూ నన్ను వాళ్ళ నాన్న పాత స్కూటరెక్కించి, బ్రేకు కాస్త నొక్కి ఉంచమని, వెనకనుంచి తోసేది. నాలుగడుగులు పడేసరికి ఎవరో ఒకరొచ్చి చెయ్యి వేసేవారు. గ్రేస్‌కి విసుగొచ్చేది.

"ఓలమ్మ, పిల్లచేత తోయించి నువ్వెక్కి కూకున్నావేటి?" అని పక్కింటి అత్త ఎకసెక్కం ఒకటి.

ఓ రోజు డ్యూటీ దిగి వస్తున్న ఇద్దరు "హటో బేటీ!" అని గ్రేస్‌ని పక్కకి జరిపి ఒక్క తోపు తోశారు. "అంకుల్, ఛోడియే! ప్రాక్టీస్ హై!" అని, వదిలెయ్యమని గ్రేస్ అరుస్తూనే ఉంది. కంగారులో నేను బ్రేకు వదిలేశాను. స్కూటరూ నేనూ మందారపొదలో పడ్డాం.

"స్టార్ట్ నహీ హువా?" అని, బండి ఇంకా స్టార్టవలేదని వాళ్ళు దిగులుపడ్డారు. గ్రేస్ రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది.

పోటీ రోజున ఇనుప బండి సగంలో ఆగింది. నేను కుర్చీలోంచి లేచి పరిగెత్తబోయాను. గ్రేస్ చూసిన చూపుకి ఆగిపోయాను. చివరిదాకా తనే తోసింది. చేతులు కట్టుకుని నిలబడడం పొదలో పడడం కన్నా కష్టమని నాకు ఆ రోజే తెలిసింది.