మూట విప్పమన్న మా నర్సక్క

పోయిన మంగళవారం పొద్దున కాఫీ కలుపుకుంటుంటే ఫోన్ మోగింది. తెలుగు చర్చి పాస్టరుగారు. "మీ నర్సక్కగారు నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండీ. మీకు ముందుగా చెప్పమని కాగితం మీద రాసి పెట్టుకున్నారు," అన్నారు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ కబురు ఏ రోజైనా రావచ్చని ఏడాదిగా తెలుసు. తెలిసి కూడా కప్పు సింకులో పెట్టేసి అలాగే నిలబడిపోయాను. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆవిడ మీద కోపం తెచ్చుకోవడం నాకు నలభై ఏళ్ళ అలవాటు.

ఆవిడది గుంటూరు వైపు పల్లె. మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువు చదివి, డెబ్భైల మొదట్లోనే షికాగో వచ్చి ఉద్యోగంలో చేరింది. నగరానికి పడమట, అప్పటికింకా సగం మొక్కజొన్న చేలుగా ఉన్న మా ఊళ్ళో, మా వీధి చివరి ఇల్లు ఆవిడది. వీధి మొత్తానికి తెలుగు కొంపలు రెండే, ఆవిడదీ మాదీ. మా పాపకి నర్స్ ఆంటీ, నాకు నర్సక్క. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ లేకపోయింది. వాచీ ముఖం మణికట్టు లోపలి వైపుకి తిప్పి కట్టుకునేది, నాడి చూసే అలవాటు కొద్దీ. గోంగూర పచ్చడి టోస్టు మీద రాసుకుని తినేది. నేను ముఖం చిట్లిస్తే, "తిని చూసి తిట్టు చెల్లీ," అనేది. తిన్నాను. ఇప్పటికీ తింటున్నాను.

నేను ఆవిడకి రుణపడ్డ సంగతి ఎనభైల మొదట్లో జరిగింది. పాప అప్పుడు రెండో తరగతి. బడి నుంచి ఒక ఫారం వచ్చింది. "ఇంట్లో మాట్లాడే భాష ఏది?" అని అందులో ఒక గడి. నేను ఆ గడి నిండా పెద్ద అక్షరాలతో తెలుగు అని రాసి, రాసినందుకు మురిసిపోయాను కూడా. నిజానికి పాప తెలుగు "అన్నం వద్దు" దగ్గరే ఆగిపోయింది. మేం తెలుగులో అడిగితే అది ఇంగ్లీషులో జవాబిచ్చేది. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఇంట్లో ఇంగ్లీషు కాని భాష ఉన్న పిల్లలందరినీ వచ్చే ఏడాది నుంచి ఊరికి అవతల, రైలు పట్టాలు దాటాక ఉన్న వేరే బడికి మారుస్తారట, ఇంగ్లీషు నేర్పించడానికి. పాప క్లాసు టీచరుకి చూపిస్తే ఆవిడ నోరు వెళ్ళబెట్టింది. "నా క్లాసులో నోరు మూయించడానికి నేను తంటాలు పడేది ఈ పిల్లతోనే కదా!" అంది. కానీ ఆవిడని అడిగిన వాళ్ళు లేరు. పాపతో మాట్లాడి చూసిన వాళ్ళూ లేరు.

మావారు తేల్చేశారు. "ఇంకో ఫారం తెచ్చి ఇంగ్లీష్ అని ఫిల్ చేసెయ్. అందరూ అదే చేస్తున్నారు. ఇష్యూ క్లోజ్."

కొత్త ఫారం తెచ్చాను. పెన్ను కూడా తీశాను. సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగి, తెల్ల బూట్లతో నర్సక్క వచ్చింది. సంగతంతా విని, ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంట్లో ఏం మాట్లాడతారని అడిగారు. నువ్వు ఉన్నదే రాశావ్. ఉన్నది రాసినందుకు పిల్లకి శిక్ష పడిందంటే, మార్చాల్సింది నువ్వు రాసిందా, వాళ్ళ రూలా?"

"రూలు మార్చడానికి మనమెవరం అక్కా?"

"దానికో స్కూలు బోర్డు ఉంది. నెలకి రెండు గురువారాలు కూర్చుంటారు. తలుపు తీసే ఉంటుంది. పద, చూసొద్దాం."

పెద్దల ముందుకు కదా అని మొదటిరోజు పట్టుచీర కట్టుకుని వెళ్ళాను. మిడిల్ స్కూల్ లైబ్రరీలో పొడవాటి బల్ల, దాని వెనక ఏడుగురు. మా వైపు ముప్ఫై కుర్చీలు, అయిదుగురం మనుషులం. అందులో ఒకాయన ఊరి వారపత్రిక విలేకరి, ఆవలిస్తున్నాడు. ఈ ఏడుగురూ ఊళ్ళో వాళ్ళే, జనం ఓట్లేసి కూర్చోబెట్టిన వాళ్ళు. నేను ఏదో శాసనసభ అనుకుని వెళితే, బ్యాండు పిల్లల టోపీలకి ఈక ఉండాలా వద్దా అని ముప్పావుగంట వాదించుకున్నారు. తర్వాత చైర్మన్ కళ్ళజోడు సవరించుకుని, "అంశాలు ఎనిమిది నుంచి ఇరవై వరకు, కలిపి," అన్నాడు. ఒకరు ప్రతిపాదించారు, ఇంకొకరు బలపరిచారు. గుమస్తా ఏడు పేర్లూ పిలిచింది, ఏడు "అవును"లు వచ్చాయి. ఈకకి పట్టిన సమయంలో పదో వంతు కూడా పట్టలేదు.

ఇంటికొస్తూ కార్లో నర్సక్క ఒకటే నవ్వు. "మా స్త్రీల సమాజమే చెల్లీ! అచ్చం అదే!" అంది. అప్పుడు తెలిసింది, ఆ గుంటూరు పల్లెలో ఉండగా ఆవిడ చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి అట. తీర్మానాలు, బలపరచడాలు, మినిట్స్ అన్నీ ఆవిడ చేతిరాతే. "ప్రెసిడెంటమ్మకి చర్చ ఇష్టంలేని సంగతి ఏదైనా వస్తే, టీ కప్పులు కొనడంతో కలిపి ఒకే తీర్మానం చేయించేది. టీ కప్పులు వద్దని ఎవరంటారు? వీళ్ళూ మూట కడతారు. మనది ఆ మూటలోనే ఉంటుంది, చూడు."

నేను అప్పటికప్పుడే లేచి మాట్లాడదామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మూడు మీటింగులు నోరు విప్పకుండా కూర్చోబెట్టింది. ఎవరు ఎవరి ముఖం చూసి ఓటు చెబుతున్నారో చూడమంది. "చివర కూర్చున్న నీలం స్వెటరావిడని చూశావా? ఒక్క మాట మాట్లాడదు. కానీ మిగతావాళ్ళు కాగితాలు ఇక్కడికొచ్చి విప్పుతారు. ఆవిడ కాగితాల అంచులు అప్పటికే నలిగిపోయి ఉంటాయి. చదివి వచ్చిందన్నమాట," అంది. మూటలోంచి ఒక అంశాన్ని బయటికి తీయమని ఏడుగురిలో ఏ ఒక్కరు కోరినా చైర్మన్ తీయాల్సిందేనని కూడా ఆవిడే కనిపెట్టింది. నేను అక్కడ చూసింది ఏడు ముఖాలే. ఆవిడ చూసింది అవి పనిచేసే తీరు.

వేసవి సెలవుల ముందు మీటింగులో మా రూలు వస్తుందని తెలిసింది. పద్నాలుగో అంశం. అనుకున్నట్టే మూటలోనే. సరిగ్గా ఆ వారమే బోర్డు మెంబర్లలో ఒకాయన, ముసలి రైతు, గొడ్ల సావిట్లో జారిపడి మోకాలికి పెద్ద దెబ్బ తగిలించుకుని నర్సక్క వార్డులోనే చేరాడు. నాకు దేవుడే పంపినట్టనిపించింది.

"ఒక్క మాట వెయ్యండక్కా. మందు ఇచ్చేటప్పుడు, ఊరికే, మాటల్లో మాటగా."

"వెయ్యను."

"మీ చేతిలో పనే కదా?"

"అందుకే వెయ్యను. ఆయన పక్క మీంచి లేవాలన్నా నన్నే పిలవాలి. అలాంటి మనిషిని ఓటు అడిగితే అది అడగడం కాదు చెల్లీ, పీక పట్టుకోవడం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు పిల్లల్లేరు కాబట్టి నీతులు చెబుతున్నారు," అనేశాను. ఆ మాట ఇప్పుడు రాయడానికే సిగ్గుగా ఉంది. ఆవిడ వాచీ చూసుకుని, డ్యూటీ టైమయిందని వెళ్ళిపోయింది. పది రోజులు నేను ఆవిడ గడప తొక్కలేదు. మీటింగు ముందురోజు పాపతో కబురు పంపింది. "మమ్మీ, నర్స్ ఆంటీ సెడ్, ఫస్ట్ అడుగు, దెన్ దణ్ణం." నేను విననట్టు ఊరుకున్నాను.

విని ఉండాల్సింది. మాట్లాడేవాళ్ళు ముందుగా చీటీ రాసి ఇవ్వాలి, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. గుమస్తా దగ్గర వంటింట్లో వాడే చిన్న టైమర్ ఉండేది. నేను నాలుగు పేజీలు రాసుకుని వెళ్ళాను. మన సభల్లో పెద్దలని పలకరించకుండా విషయంలోకి దిగితే మర్యాద కాదు కదా. చైర్మన్‌కి, సభ్యులకి, ఊరి బడులన్నీ చూసుకునే సూపరింటెండెంట్‌కి, ప్రిన్సిపాల్‌కి, క్లాసు టీచరుకి, ఆఖరికి బస్సు నడిపే ఆవిడకి కూడా పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకుంటూ వచ్చాను. "ఇక అసలు విషయానికొస్తే," అన్నాను. టైమర్ గణగణా మోగింది. "థ్యాంక్యూ మేడమ్. వెరీ కైండ్ ఆఫ్ యూ," అన్నాడు చైర్మన్. నేను పొగడ్డానికే వచ్చాననుకుని పాపం చాలా సంతోషించాడు. మావారు తల పట్టుకున్నారు. పిల్ల బడి నా మర్యాదలో కొట్టుకుపోయింది.

గుమస్తా ఇంకో చీటీ తీసి పేరు చదివింది. వెనక వరసలోంచి నర్సక్క లేచింది. ఆవిడ వచ్చిన సంగతే నాకు తెలియదు. నిన్నగాక మొన్న నేనన్న మాట మోస్తూ ఆ గదిలోకి వచ్చి, చీటీ రాసి ఇచ్చి, కూర్చుంది.

"నా పక్కింటావిడ మీ అందరికీ థ్యాంక్స్ చెప్పింది. ఆవిడ అడగాలనుకున్నది నేను అడుగుతాను," అంది ఇంగ్లీషులో, డాక్టరుకి రోగి సంగతి చెప్పినట్టు, ఒక్కో ముక్కా విడివిడిగా. "పద్నాలుగో అంశం మూటలోంచి తీయండి. పిల్లతో మాట్లాడకుండానే పిల్లని బడి మార్చే రూలు అది. విడిగా పెట్టి చర్చించండి, విడిగా ఓటు వేయండి. ఓడిపోతే ఓడిపోతాం. ఎవరు ఏమన్నారో మాకు తెలియాలి." అంతే. ఇంకా రెండు నిమిషాలు మిగిలి ఉండగానే వచ్చి నా పక్కన కూర్చుంది. నా వైపు చూడలేదు. నా చెయ్యి మాత్రం పట్టుకుంది.

చైర్మన్ అటూ ఇటూ చూశాడు. నీలం స్వెటరావిడ మైకు దగ్గరికి లాక్కుని, "పద్నాలుగు విడిగా కావాలి," అంది. ఇన్ని మీటింగుల్లో ఆవిడ గొంతు వినడం అదే మొదలు. సూపరింటెండెంట్‌ని అడిగింది, "ఈ పిల్లల్లో ఎంతమందితో మాట్లాడారు?" ఆయన కాగితాలు తిరగేశాడు. "మేం ఫారాల మీద ఆధారపడ్డాం." "అయితే ఎవరితోనూ మాట్లాడలేదు." క్లాసు టీచరు అభిప్రాయం తీసుకుని, పిల్లతో మాట్లాడి చూసి, తల్లిదండ్రులకి చెప్పాకే మార్చాలని సవరణ ప్రతిపాదించింది. బలపరిచేవాళ్ళు ఎవరని చైర్మన్ అడిగాడు. ఎవరూ పలకలేదు. బలపరిచే మనిషి లేకపోతే ఆ ప్రతిపాదన అక్కడే చచ్చిపోతుంది. నర్సక్క వేళ్ళు నా చేతి మీద బిగిశాయి. చివరికి పళ్ళ డాక్టరొకాయన, "చర్చ కోసం బలపరుస్తున్నాను," అన్నాడు. అరగంట చర్చించారు. నలుగురు అవునన్నారు, ముగ్గురు కాదన్నారు. నెగ్గింది.

కాదన్న ముగ్గురిలో చేతికర్ర పట్టుకుని వచ్చిన ఆ ముసలి రైతు కూడా ఉన్నాడు.

బయటికొచ్చి నర్సక్కని పట్టుకుని ఏడ్చాను. క్షమించమన్నాను. కళ్ళు తుడుచుకుని వెంటనే మళ్ళీ నా గుణం చూపించాను. "అంత సేవ చేయించుకుని కూడా కాదన్నాడు చూడండి ముసలాడు!"

"నేను నర్సింగ్ చేసింది కాలికి చెల్లీ, ఓటుకి కాదు," అంది. అంతలో ఆయనే మెట్ల దగ్గరికి వచ్చాడు. నర్సక్క ఎదురెళ్ళి మోచెయ్యి పట్టుకుని, "దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మరిచిపోయారా?" అని కోప్పడి, ఆఖరి మెట్టు దాకా దింపి వచ్చింది.

పాపతో మాట్లాడి చూసిన ఆ ఇంగ్లీషు ప్రత్యేక తరగతి టీచరమ్మ పావుగంటలో దాన్ని వెనక్కి పంపేసింది. దాని బడి దానికే ఉంది. ఇంట్లో భాష గడిలో తెలుగు అలాగే ఉంది. ఆ ప్రత్యేక తరగతి నిజంగా అవసరమైన పిల్లలు కొందరు అక్కడికే వెళ్ళి బాగుపడ్డారు కూడా. ఆ తరగతి మంచిదేనని నర్సక్క మొదటినుంచీ అంటూనే ఉంది.

మన పని అయిపోయింది, ఇక గురువారాలు ఇంట్లో ఉండొచ్చనుకున్నాను. మళ్ళీ గురువారం ఆవిడ కారు మా గుమ్మం ముందు హారన్ కొట్టింది. "మన పని అయిందని మనం లేచిపోతే వాళ్ళు మళ్ళీ మూట కడతారు. ఎక్కు," అంది. ఎనభైలు మొత్తం అలాగే గడిచాయి. పాప ఆ బడి దాటింది, హైస్కూలు చేరింది, మేం వెళ్తూనే ఉన్నాం. కోపాన్ని పనిగా మార్చడం నాకు నేర్పింది ఆ కుర్చీల్లోనే. కన్నతల్లి నేర్పనిది ఆవిడ నేర్పింది. ఈ మాట ఆవిడతో బతికుండగా ఒక్కసారీ అనలేదు.

పోయిన నెల నర్సక్క ఉంటున్న వృద్ధుల హోమ్‌కి వెళ్ళాను. డైనింగ్ హాల్లో మీటింగు నడుస్తోంది. రాత్రి భోజనం సాయంత్రం నాలుగున్నరకే పెట్టేద్దామని ప్రతిపాదన. పద్దెనిమిది మంది ముసలివాళ్ళు ఒప్పేసుకున్నారు. "ఎవరైనా వ్యతిరేకమా?" అని అక్కడ పనిచేసే అమ్మాయి మాటవరసకి అడిగి, కాగితాలు సర్దుకుంటోంది. చక్రాల కుర్చీలో నర్సక్క చెయ్యెత్తింది. ఒక్కతే. మాట అప్పటికే సరిగ్గా రావడం లేదు. ఆ అమ్మాయి చూడలేదు. చెయ్యి బరువుకి ఒణుకుతోంటే నేను దించబోయాను. ఆవిడ రెండో చేత్తో నన్ను పక్కకి తోసి, అదే చేత్తో ఎత్తిన మోచేతిని కింద నుంచి ఆనించి పట్టుకుంది. ఆ అమ్మాయి తలెత్తి చూసి, పెన్ను తీసి, "వ్యతిరేకం, ఒకటి," అని రాసేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.