కుట్టుకి వదిలిన అరంగుళం

టైలరు షాపులో ఆమెను అందరూ కటింగక్క అంటారు. గుడ్డ మీద సుద్దతో గీసిందంటే గీసిందే, మళ్లీ చూడక్కర్లేదు. కాగితం మీద అమ్మ మొహం గీయబోతే మాత్రం అదే చెయ్యి మొరాయించేది. అమ్మకు ఒక్క ఫోటో లేదు. కెమెరా కనిపిస్తే మొహం తిప్పుకునే మనిషి. అమ్మ పోయి ఏళ్లు గడిచేకొద్దీ ఆ మొహం మసకబారిపోతోందని కటింగక్కకు బెంగ. గీయడం, చెరపడం, కాగితం చిరగడం, ఇదే వరస.

మ్యూజియం కాపలావాళ్ల యూనిఫారాలకు కొలతలు తీయడానికి వెళ్లినప్పుడు, పాత చిత్రకారులు గీసిన బొమ్మల గది చూసింది. వెలుతురు తగిలితే పాడవుతాయని అక్కడ దీపాలు తగ్గించి పెట్టారు. ఎర్రసుద్దతో గీసిన ఒక ముసలమ్మ దగ్గర ఆమె కాళ్లు ఆగిపోయాయి. ఒక్క చెంపకు మూడు గీతలు! కుదరని గీతను ఆ మహానుభావుడు చెరపలేదు, పక్కనే ఇంకోటి గీసుకుపోయాడు.

"తప్పు గీతలు అలాగే ఉంచేశాడేంటన్నా?" అని కాపలా ఆయన్ని అడిగింది.

"ఆయన్నే అడగాలమ్మా. నువ్వే నాలుగొందల ఏళ్లు ఆలస్యంగా వచ్చావు," అన్నాడతను, కొలతకు చేతులు చాపి నిలబడి.

ఆమెకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. ఇన్నాళ్లూ ఎంతమంది అమ్మల్ని చెరిపేసిందో!

ఆ ఆదివారం రబ్బరు జోలికి పోకుండా గీసింది. తీరా చూస్తే చెంపలు బొద్దుగా వచ్చి కూర్చున్నాయి. గుడ్డ మీద కొలతకు అరంగుళం బయటికి, కుట్టుకి వదిలి గీసే అలవాటు ఆ చేతిది. అమ్మ మొహానికీ వదిలేసింది. నాలుక కరుచుకుని, లోపలగా అసలు గీత గీసింది. తనకు తెలిసిన అమ్మ అదే, మంచంలో ఎండిపోయిన అమ్మ. తనకు ఊహ తెలిసేసరికే ఆమె మంచం పట్టింది.

సాయంత్రం ఆమె సొంత అక్క వచ్చి ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. తర్వాత బయటి గీత మీద వేలు పెట్టింది.

"ఇది నీకెలా తెలుసే? నువ్వు పుట్టకముందు అమ్మ అచ్చం ఇలాగే ఉండేది. నన్ను చంకనేసుకుని మేడమెట్లు గబగబా ఎక్కేసేది."

"నాకేం తెలీదక్కా. చేతికి అలవాటు, అంతే."

అక్క ఇంకా ఏదో చెబుతూనే ఉంది. చెల్లెలు ఆ నిండు చెంపల మనిషినే చూస్తూ ఉండిపోయింది. ఇంత వయసొచ్చాక, ఆ చంకెక్కాలని ఆమె ప్రాణం కొట్టుకుపోయింది.